లోషన్‌లో సెంటు వల్లేనా ఈ దద్దుర్లు? నేచురల్‌ది వాడితే తగ్గుతుందా?

గాజువాక అమ్మ:
మా పాప ఇంటర్ సెకండియర్. నెల కిందట కొత్త బాడీ లోషన్ కొన్నాం, మంచి మల్లెపూల వాసన, రెండు వారాలు బానే ఉంది, తర్వాత మెడ మీద, మోచేతి మడతల్లో ఎర్రగా దద్దుర్లు, ఒకటే దురద, రాత్రుళ్లు నిద్ర లేదు దానికి. అసలే మన వైజాగ్ ఉక్కపోత కదా, చెమటకాయలు అనుకుని పౌడర్ రాశాం, ఇంకా మండింది (పౌడర్‌లో కూడా సెంటే ఉంటుందని అప్పుడు తట్టలేదు). డబ్బా వెనక చూస్తే పర్ఫ్యూమ్ అని ఒక్క ముక్క. పూర్ణా మార్కెట్‌లో షాపతను ఈ కెమికల్ సెంట్లు మానేసి లావెండర్ ఆయిల్ రాయండమ్మా, నేచురల్ ఏం చెయ్యదు అంటున్నాడు. రాయొచ్చా?

మద్దిలపాలెం కెమిస్ట్రీ:
అక్కా ఆ ఆయిల్ మాత్రం రాయకండి. లావెండర్‌లో లినలూల్ అనే వాసన పదార్థం ఉంటుంది, గాలి తగిలేకొద్దీ అది మారిపోయి అలర్జీ తెప్పిస్తుంది, పువ్వులోంచి తీసినా ఫ్యాక్టరీలో చేసినా లినలూల్ లినలూలే. అలాగని సింథటిక్‌వన్నీ మంచివనీ కాదు. లిలియల్ అని ఒకటుంది, పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీస్తుందని 2022 మార్చి 1 నుంచి యూరప్‌లో కాస్మెటిక్స్‌లో నిషేధించారు, లేబుల్ మీద బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనల్ అని ఉంటే అదే, పాత స్టాక్ అయినా కొనకండి. లోషన్ లాంటి రాసి వదిలేసేవాటిలో 0.001 శాతం దాటితే 26 రకాల అలర్జీ సెంట్ల పేర్లు విడిగా రాయాలని అక్కడ రూలు, 2023లో ఆ లిస్టు 80 దాటించారు. ఒక్క పర్ఫ్యూమ్ అనే మాట చూసి మీరేం తెలుసుకోగలరు చెప్పండి, నాకు కోపం అక్కడే.

ఎంవీపీ కాలనీ:
నాకూ డియోడరెంట్‌తో ఇలాగే అయిందండి, ఏడాది పాటు ఏవేవో క్రీములు మార్చాను, డబ్బులు దండగ. చివరికి ఒంటికి ఏది పడట్లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేశారు, వీపు మీద చిన్న చిన్న బిళ్లలు అంటించి రెండు రోజులు తడపొద్దన్నారు, ఫ్రాగ్రెన్స్ మిక్స్ (కొన్ని రకాల సెంట్లు కలిపింది) ఉన్నచోట ఎర్రగా పొంగింది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఇక ఎప్పటికీ అంతేనట, కొంచెం తగిలినా మళ్లీ వస్తుంది. ఇంకోటి, అన్‌సెంటెడ్ అని ఉంటే నమ్మకండి, వాసన తెలియకుండా కప్పడానికి కూడా సెంటు కలుపుతారు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అని ఉన్నదే చూసి, వెనక లిస్టు కూడా చదివి కొనండి.

గాజువాక అమ్మ:
చాలా థాంక్సండి ఇద్దరికీ. లోషన్, పౌడర్ రెండూ ఆపేశాం. ఇప్పుడే సబ్బు కవర్ కూడా చదివాను, లినలూల్, లిమొనీన్ అనే ఇంకో సెంటు, రెండూ ఉన్నాయి! సోమవారం కేజీహెచ్ స్కిన్ ఓపీకి తీసుకెళ్తాను, డబ్బాలన్నీ పట్టుకుని.

ఎంవీపీ కాలనీ:
డబ్బాలు తప్పకుండా పట్టుకెళ్లండి. ఇప్పుడేదైనా స్టెరాయిడ్ క్రీమ్ రాస్తుంటే అదీ డాక్టర్‌కి ముందే చెప్పండి, వీపు మీద రాసి ఉంటే టెస్ట్ సరిగ్గా తేలదు.