డ్యూరాండ్ రేఖ: ఒప్పందం రద్దయితే సరిహద్దూ పోతుందా?

నేటి అఫ్గానిస్తాన్–పాకిస్తాన్ సరిహద్దే డ్యూరాండ్ రేఖ. 1893 నవంబర్ 12న కాబూల్‌లో అఫ్గాన్ పాలకుడు అమీర్ అబ్దుర్ రహ్మాన్ ఖాన్, బ్రిటిష్ ఇండియా తరఫున మోర్టిమర్ డ్యూరాండ్ సంతకాలు చేసిన ఒప్పందంలో ఉన్నవి ఏడు నిబంధనలే. నూరేళ్ల గడువు, 1993తో చెల్లిపోయిందన్న మాట వాటిలో ఎక్కడా లేదు. కాబట్టి ఆ సమాధానం మాత్రం వద్దండీ, దాన్ని ఇప్పటికే చాలామంది అరగదీశారు.

అసలు చిక్కు రెండో నిబంధనలో ఉంది. రేఖకు భారత్ వైపు అమీర్ గానీ, అఫ్గాన్ వైపు బ్రిటిష్ భారత ప్రభుత్వం గానీ 'జోక్యం చేసుకోరు' అని రాశారు తప్ప, భూభాగం ఎవరి సొత్తో తేల్చి చెప్పలేదు. అమీర్‌కు ఆ ప్రభుత్వం ఏటా ఇచ్చే సొమ్ము మాత్రం 12 లక్షల రూపాయల నుంచి 18 లక్షలకు పెరిగింది.

తర్వాత బ్రిటన్‌తో చేసుకున్న 1921 ఒప్పందం రెండో నిబంధనలో అఫ్గాన్ ప్రభుత్వమే సరిహద్దును ఒప్పుకుంది. అయితే 14వ నిబంధన ప్రకారం మూడేళ్ల తర్వాత, ఏడాది ముందు నోటీసిచ్చి దాన్ని వదులుకోవచ్చు. 1949లో కాబూల్ లోయా జిర్గా (అఫ్గాన్ పెద్దల మహాసభ) పాత ఒప్పందాలన్నీ చెల్లవంది.

అంతర్జాతీయ న్యాయస్థానం 1994లో లిబియా–చాద్ కేసులో, ఒప్పందం పోయినా అది గీసిన సరిహద్దు నిలుస్తుందని చెప్పింది. ఈ సూత్రం 'జోక్యం' రేఖకూ వర్తిస్తుందా, లేక 1921 అంగీకారం ఉంటేనే నిలబడుతుందా? పారశీ తెలిసినవాళ్లుంటే ఇంకొకటి: 1893 ఒప్పందపు ఆ భాషా ప్రతిలో 'సరిహద్దు'కు వాడిన పదమేమిటి?