కంబోడియా పిల్లల హోమ్‌కి మిషన్ ట్రిప్: తెలిసినవాళ్ళు సలహా ఇవ్వండి

అందరికీ వందనాలు. మాది మెల్‌బోర్న్‌లో చిన్న తెలుగు సంఘం. సెలవుల్లో యూత్‌ని తీసుకెళ్ళి సియెమ్ రీప్ దగ్గర ఒక అనాథ పిల్లల హోమ్‌లో రెండు వారాలు సేవ చేయాలని పాస్టర్‌గారి ఆశ. పాటలు, బైబిల్ కథలు, ఇంగ్లీషు పాఠాలు. కానుకలు కూడా పోగవుతున్నాయి.

నాకే మనసు ఒప్పడం లేదు. అక్కడి ఆశ్రమాల్లో చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికంతో, చదువు దొరుకుతుందన్న ఆశతో వదిలిపెడతారు. విదేశీయుల డబ్బు కోసమే పిల్లల్ని చేర్చుకునే చోట్లూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2018లో ఆధునిక బానిసత్వ చట్టం వచ్చినప్పుడు ఇది కూడా చర్చకు వచ్చింది. రువాండా 2012లోనే ఆశ్రమాలు మూసి పిల్లల్ని కుటుంబాలకు చేర్చాలని నిర్ణయించుకుంది. పైగా, దగ్గరైనవాళ్ళు రెండు వారాలకే వెళ్ళిపోతుంటే ఆ పసివాళ్ళు ఎన్నిసార్లు తట్టుకుంటారు?

యాకోబు 1:27 దిక్కులేని పిల్లలతోపాటు విధవరాండ్రనూ పరామర్శించమంటోంది కదా. తల్లిని నిలబెడితే బిడ్డ ఇంట్లోనే ఉంటుందని నా నమ్మకం.

ఆ హోమ్‌కి ప్రభుత్వ అనుమతి ఉందా, పిల్లల బంధువుల్ని వెతికారా అన్నది ఎలా కనుక్కోవాలి? అక్కడి ఖ్మేర్ (కంబోడియా స్థానికుల) సంఘాల ద్వారా కుటుంబాలకు సాయం చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పాస్టర్‌గారు నొచ్చుకోకుండా ఈ మాట ఎలా ఎత్తాలో కూడా చెప్పండి.