ట్రైలర్ లాగుతుంటే డీజిల్ పికప్ మైలేజీ: డాష్‌బోర్డు మాటా, బంకు రసీదు మాటా?

పొలంబాట (డెంటన్, టెక్సస్)
పోయిన నెల ఇంటిల్లిపాదీ డాలస్ నుంచి డెన్వర్ వెళ్ళొచ్చాం. బండి రామ్ 3500, 6.7 కమిన్స్. వెనక ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (పికప్ తొట్టిలోనే తగిలించే రకం), సామాన్లతో కలిపి 12,000 పౌండ్లు. రోడ్డు 287, అమరిల్లో మీదుగా. వెళ్ళేటప్పుడు డాష్‌బోర్డు 10.9 ఎంపీజీ (గ్యాలన్‌కి మైళ్ళు) చూపించింది. రసీదులన్నీ కూడి, మైళ్ళని గ్యాలన్లతో భాగిస్తే 9.8 వచ్చింది. ఒకే ప్రయాణం, రెండు అంకెలు!

ఈ ఫోరంలోనే ఒకాయన తనకి 14 వస్తోందంటాడు, ఇంకొకాయన 8 దాటట్లేదని ఏడుస్తాడు. ఇద్దరిదీ ఇదే ఇంజను. పోనీ ప్రభుత్వం అంకె చూద్దామంటే, 8,500 పౌండ్ల గ్రాస్ వెయిట్ (బండీ, అది మోయగల బరువూ కలిపి) దాటిన పికప్‌లకి షోరూంలో అద్దం మీద మైలేజీ స్టిక్కరే ఉండదు. నా మటుకు నాకు డాష్‌బోర్డే నయమనిపిస్తోంది. కనీసం ప్రతిసారీ ఒకే పద్ధతిలో లెక్కేస్తుంది. నాకు తక్కువ రావడానికి కారణం డెన్వర్ దాకా ఎక్కుడు కదా అనుకుంటున్నా. మీరేమంటారు?

నల్గొండ_డ్యూయలీ (ఓక్లహోమా సిటీ)
అన్నా, డాష్‌బోర్డు ముచ్చట ఇడిసిపెట్టు. ఇక్కడి డ్రైవర్లు దాన్ని లై-ఓ-మీటర్ (అబద్ధాల మీటర్) అంటరు, ఊకెనే అంటలేరు. నేను హాట్‌షాట్ (అర్జెంటు సరుకు కిరాయిలు) నడుపుత, డ్యూయలీకి (ఎనక నాలుగు టైర్ల పికప్) గూస్‌నెక్ ట్రైలర్ తగిలించి. నెల తిరిగితే డీజిల్ బిల్లు కట్టేది నేను, డాష్‌బోర్డు కాదు. ట్యాంక్ ఫుల్ జెయ్, ట్రిప్ మీటర్ సున్నకు పెట్టు, మళ్ళ ఫుల్ జెయ్, భాగించు. మా తాత లారీకి గట్లనే చూసేటోడు. ఇండ్ల చర్చ ఏమున్నది?

కొలతల_కోటి (మిషిగన్)
చర్చ ఉంది గారూ. వాహన పరీక్షల్లోనే నా ఉద్యోగం, కాబట్టి కాస్త విడమరుస్తాను.

డాష్‌బోర్డు వెనక డీజిల్‌ని నిజంగా కొలిచే మీటరేదీ ఉండదు. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకోవాలో, వాటికి డీజిల్ అందించే గొట్టంలో పీడనం ఎంతుందో ఇంజను కంప్యూటర్‌కి తెలుసు. ఇంత డీజిల్ పడి ఉంటుందని దాన్నిబట్టి అంచనా కడుతుంది. ఇంజెక్టర్లు అరిగినా, ఆ అంచనాలోనే కొంత ఆశావాదం కలిసినా అంకె పక్కకి జరుగుతుంది. అయితే సాధారణంగా ఒకే వైపుకి, దాదాపు ఒకే మేరకి జరుగుతుంది.

బంకు లెక్క తప్పు అలా కాదు, ఒకసారి అటు, ఒకసారి ఇటు. డీజిల్ నురగ కడుతుందని మీ అందరికీ తెలుసు. లారీల వైపు వేగంగా పోసే నాజిల్ పెడితే ట్యాంకు నిండకముందే నురగ తగిలి టక్కున ఆగిపోతుంది. బండి ఒక పక్కకి ఒరిగి ఉన్నా అంతే. ఒక గ్యాలన్ తేడా వచ్చిందనుకోండి. 40 గ్యాలన్లు పోసినప్పుడు అది రెండున్నర శాతం, 10 పోసినప్పుడు పది శాతం. సగం ట్యాంకు కూడా ఖాళీ కాకుండా నింపి ఎంపీజీ చెప్పేవాళ్ళని నేను నమ్మను.

పెద్ద టైర్లు వేయించినవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. టైరు చుట్టుకొలత మూడు శాతం పెరిగితే, సరిచేయించకపోతే మైళ్ళు మూడు శాతం తక్కువ పడతాయి. ఈ తప్పు డాష్‌బోర్డుకీ బంకు లెక్కకీ ఉమ్మడి ఆస్తి.

నల్గొండ_డ్యూయలీ
మరి రీజెన్ సంగతేంది కోటి సాబ్? ఫిల్టర్ల మసి కాలబెట్టెటందుకు అదనంగ డీజిల్ పోస్తది గదా. లోడ్ గుంజితే ఇంకా ఎక్కువ అయితది అంటరు.

కొలతల_కోటి
డీజిల్ అదనంగా పోస్తుంది, నిజమే. కానీ చాలామంది అనుకునేదానికి ఇది తలకిందులు. హైవే మీద బరువు లాగుతుంటే సైలెన్సర్‌లోకి వచ్చే పొగ బాగా వేడిగా ఉంటుంది, ఆ వేడికే మసి చాలావరకు దానంతటదే కాలుతూ పోతుంది. ఖాళీ బండితో ఊళ్ళో కూరగాయలకి తిరిగేవాళ్ళకే రీజెన్ బెడద ఎక్కువ. లోడుతో పెరిగేది డెఫ్ (పొగని శుభ్రం చేయడానికి విడిగా పోసే ద్రవం) వాడకం. దాన్ని ఎవరూ మైలేజీలో కలపరు, కానీ డబ్బు మన జేబులోదే.

పొలంబాట గారూ, మీ ఎక్కుడు సంగతి. డాలస్ సముద్రమట్టానికి 430 అడుగులు, డెన్వర్ 5,280. అంటే నికరంగా 4,850 అడుగులు. బండీ ట్రైలరూ కలిపి 20,000 పౌండ్లనుకుందాం. అంత బరువుని అంత ఎత్తుకి లేపడానికి, ఇంజను వృథా చేసే వేడిని కూడా కలుపుకుంటే, రెండున్నర గ్యాలన్ల డీజిల్ చాలు. మీరు దారిలో 80 గ్యాలన్లు తాగించి ఉంటారు. మధ్యలో రటోన్ కనుమ 7,834 అడుగుల ఎత్తున్నా, అటు ఎక్కింది ఇటు దిగారు. బ్రేకులకీ ఎగ్జాస్ట్ బ్రేకుకీ పోయింది పోగా కొంత తిరిగొస్తుంది. అంటే ఎత్తు తిన్నది మూడు నాలుగు శాతం, అంతే.

మిగతాది గాలి. అమరిల్లో చుట్టూ ఎదురుగాలి ఎలా కొడుతుందో చూశారుగా. మీరు గంటకి 65 మైళ్ళలో వెళుతుంటే 15 మైళ్ళ ఎదురుగాలి వచ్చిందనుకోండి, ట్రైలర్ ముఖానికి అది 80. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది కనక ఒకటిన్నర రెట్లు. నెపం కొండ మీదకి పోతోంది, డీజిల్ తాగింది గాలి.

పొలంబాట
ఇదెక్కడి లెక్క! తిరుగు ప్రయాణంలో అదే రోడ్డు మీద డాష్‌బోర్డు 12 దాటింది. నేను దిగుడు వల్ల అనుకుని సంబరపడ్డా.

మైలురాయి (ఫీనిక్స్)
అన్నయ్యా, మేమూ అలాగే మోసపోయాం. నాకు తెలిసినంతలో బరువు గురించి ఎక్కువ మాట్లాడుకుంటాం, ముఖం గురించి తక్కువ. మా మరిది దగ్గర ఫ్లాట్‌బెడ్ (గోడల్లేని చదును ట్రైలర్) ఉంది. దాని మీద చిన్న ట్రాక్టరు వేసుకెళ్తే మా ట్రావెల్ ట్రైలర్ కంటే బరువెక్కువ, డీజిల్ మాత్రం తక్కువ. మాది గోడలాంటి పెట్టె, దాన్ని గాల్లోకి తోసుకుంటూ పోతున్నాం. అందుకే ఎవరైనా "10,000 పౌండ్లతో నాకు ఇంత" అంటే ముందు ట్రైలర్ ఎత్తెంత, ఎంత వేగం అని అడుగుతా.

కాలిఫోర్నియాలో ఏది లాగినా 55 దాటకూడదు. అక్కడ మా అంకె చూసి బండి మారిందా అనుకుంటాం. అరిజోనాలోకి వచ్చి 70 పెట్టగానే పాత కథే.

నల్గొండ_డ్యూయలీ
చెల్లె, నీది షికారు బండి. నాది పని బండి. పని ఎంత జేసిందో జూడాలె. నేను 16,000 పౌండ్ల సరుకు ఏసుకొని 9 ఎంపీజీతోని పోతున్న. అంటే ఎనిమిది టన్నులు (2,000 పౌండ్లకొక టన్ను) గుణించు 9, గ్యాలన్‌కు 72 టన్ను-మైళ్ళు. పొలంబాట అన్న బండిది 12,000 పౌండ్లు, 9.8. ఆరు టన్నులనుకుంటే 59 గూడ లేదు. ఎవరి బండి మంచిగ జేసినట్టు? వట్టి ఎంపీజీ జూస్తె నాదే దండుగ బండి అనిపిస్తది.

మైలురాయి
అన్నయ్యా, నీ లెక్కన నేను మంచినీళ్ళ ట్యాంకు 100 గ్యాలన్లూ నింపుకుని బయల్దేరితే సరి. 830 పౌండ్లు పెరుగుతుంది, ఎంపీజీ పెద్దగా పడదు, టన్ను-మైళ్ళు మాత్రం అమాంతం మెరుగవుతాయి. డీజిల్ ఖర్చు ఇంకాస్త పెరిగినా నేను గొప్పదాన్నే! సరుకు బరువుకి నీకు డబ్బొస్తుంది కనక నీకది న్యాయం. నాకు నీళ్ళు మోసినందుకు ఎవరిస్తారు?

డీసీ_దారి (వర్జీనియా)
ఇంత గోల ఎందుకు, పెట్రోలు బండి కొనుక్కోండి. దాని ఎంపీజీ కూడా పెద్ద తేడా లేదు.

కొలతల_కోటి
ఒక గ్యాలన్ డీజిల్లో పెట్రోలు కంటే పది నుంచి పదిహేను శాతం శక్తి ఎక్కువ, ధర కూడా వేరు. గ్యాలన్‌కి గ్యాలన్ పోల్చి ముగించలేం. అది వేరే చర్చ, ఇక్కడ వద్దు.

ప్రభుత్వం అసలు కొలవట్లేదని అనుకోకండి. 2014 మోడళ్ళ నుంచి ఈ తరగతి పికప్‌లకీ ఇంధన నియమాలున్నాయి. బండి మోయగల బరువుకి ముప్పావు వంతు, లాగగల బరువుకి పావు వంతు ప్రాధాన్యమిచ్చి 'వర్క్ ఫ్యాక్టర్' కడతారు. దాన్నిబట్టి లక్ష్యాన్ని 100 మైళ్ళకి ఇన్ని గ్యాలన్లని పెడతారు. నల్గొండ గారి వాదన కొంత అందులో ఉంది. కానీ పరీక్ష మాత్రం ల్యాబులో రోలర్ల మీద, మోయగల బరువులో సగం వేసినట్టు లెక్కగట్టి, ట్రైలర్ లేకుండా. డేవిస్ డ్యామ్ ఎక్కుడు మీద, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఏసీ పూర్తిగా పెట్టి చేసే జే2807 అనే పరీక్ష ట్రైలర్‌తోనే చేస్తారు. అదీ ఎంత లాగగలదో తేల్చడానికే, ఎంత తాగుతుందో చెప్పదు. లాగుతుంటే మైలేజీ ఎంత అన్నదానికి అధికారిక అంకె కొనేవాడి చేతికి రాదు.

డిపో_పిల్లోడు (తిరుపతి, ఇప్పుడు షార్లట్)
మా నాయన ఆర్టీసీ డ్రైవరు. మా ఇంట్లో అన్నం కంటే ముందు కేఎంపీఎల్ మాట వినపడేది. డిపోలో ఏ డ్రైవరుకి లీటరుకి ఎన్ని కిలోమీటర్లొచ్చిందో రాసి పెడతారు. అప్పట్లో ఆయన గొడవ ఇదే: ఘాట్ రోడ్డు ఎక్కే బండినీ, నెల్లూరు హైవే బండినీ పక్కపక్కన పెట్టి ఎట్లా పోలుస్తారు స్వామీ అని. ఏ రూటుకి ఆ రూటు, ఎక్కుడూ దిగుడూ కలిపి రాను పోను చూడాల. తిరుమలకి పోయిన బండి తిరిగి దిగాల్సిందే కదా! మీరంతా ఒకవైపు ప్రయాణం అంకెలు పట్టుకుని కొట్టుకుంటా ఉన్నారు.

ఇంకొకటి. రాను పోను సగటు తీసేటప్పుడు ఎంపీజీలు కూడి రెండుతో భాగించొద్దు. పోయేటప్పుడు 100 మైళ్ళు 8తో, వచ్చేటప్పుడు 100 మైళ్ళు 16తో వచ్చినారనుకోండి. 12 అనేస్తారు. పన్నెండున్నర గ్యాలన్లు పోయేదానికి, ఆరుంపావు వచ్చేదానికి, కలిపి పద్దెనిమిది ముప్పావు. నిజం 10.7. అందుకే 100 మైళ్ళకి ఎన్ని గ్యాలన్లో చెప్పుకుంటే ఈ తిప్పలే ఉండవు, ఊరికే కూడుకోవచ్చు.

పొలంబాట
సరే, మాటలెందుకు. ఆదివారం పొద్దున్నే గాలి లేనప్పుడు బయల్దేరతా. డెంటన్ నుంచి ఆర్డ్‌మోర్ దాకా ఐ-35 హైవే మీద, రాను పోను 130 మైళ్ళు, రెండు రౌండ్లు. క్రూజ్ కంట్రోల్ గంటకి 62 మైళ్ళు. అదే ట్రైలర్. అదే బంకు, అదే పంపు, నాజిల్ నెమ్మదిగా, మొదటిసారి ఆగగానే ఆపేస్తా.

నల్గొండ_డ్యూయలీ
మొదటిసారి ఆగంగనే ఆపుడు తప్పు. నురగ దిగినంక రెండోసారి పొయ్యాలె.

కొలతల_కోటి
ఏదైనా సరే, అన్నిసార్లూ ఒకేలా చేయండి. కానీ 13 గ్యాలన్లకి నింపితే అర గ్యాలన్ తేడా కూడా అంకెని ఊపేస్తుంది. రెండు రౌండ్లూ కలిపే చూడండి.

పొలంబాట
వెళ్ళొచ్చా. నురగ దిగేదాకా ఆగి రెండోసారి పోశా, నల్గొండ మాటే విన్నా.

మొదటి రౌండు: 130 మైళ్ళు, 13.1 గ్యాలన్లు. రసీదు లెక్కన 9.9, డాష్‌బోర్డు 11.1.
రెండో రౌండు: 130 మైళ్ళు, 12.4 గ్యాలన్లు. రసీదు 10.5, డాష్‌బోర్డు 11.3.

కలిపితే 260 మైళ్ళకి 25.5 గ్యాలన్లు, అంటే 100 మైళ్ళకి 9.8 గ్యాలన్లు. డాష్‌బోర్డు పది శాతం ఎక్కువ చెబుతోంది, డెన్వర్ దారిలోనూ ఇంచుమించు అంతే చెప్పింది. రెండు రౌండ్లకీ మధ్య దాని తేడా రెండు శాతంలోపే. రసీదు లెక్క ఆరు శాతం దాకా ఊగింది.

నల్గొండ_డ్యూయలీ
అంటే అబద్ధం జెప్తది గని, ఎప్పటికీ ఒకే అబద్ధం.

కొలతల_కోటి
సరిగ్గా పట్టారు. రెండు టైర్లనో రెండు వేగాలనో పోల్చడానికి డాష్‌బోర్డు. ఖర్చు లెక్కకి నెల రసీదులు.

నల్గొండ_డ్యూయలీ
నేనైతే టన్ను-మైలు ఇడిసిపెట్ట. కిరాయి మాట్లాడేటప్పుడు నాకదే కావాలె. గని పోలిక కోసం పది శాతం తీసేసి సదువుకుంట. నా బండికి ఎంత తీసెయ్యాల్నో రేపు తుల్సాకు పోయేటప్పుడు జూస్త.

మైలురాయి
ట్రైలర్ ఎత్తు కూడా రాయి అన్నయ్యా.