గోడలో ఎనిమిదడుగుల అక్వేరియం: కట్టించుకోవచ్చా, వద్దా?

హాల్లో_చేపలు:
కొత్త ఫ్లాట్‌లో ఇంటీరియర్ పని మొదలవుతోంది, మాది ఆరో అంతస్తు. హాలుకీ డైనింగ్‌కీ మధ్య గోడ కొంత తీసేసి అక్కడ ట్యాంకు పెట్టించాలని ఉంది. పొడవు 8 అడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు రెండున్నర. రెండు వైపుల నుంచీ కనబడాలి. చుట్టూ ప్యానెలింగ్ చేసి గోడలో ఫోటో ఫ్రేములా చేసిస్తామని ఇంటీరియర్ వాళ్లు అంటున్నారు. నాన్నకేమో స్లాబ్ మోస్తుందా లేదా అని ఒకటే టెన్షన్. నాకిది చిన్నప్పటి కల. అరోవానా చేపని పెంచాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సైట్_ఇంజనీరు:
మీ నాన్నగారి టెన్షన్ న్యాయమైనదే. మీరు చెప్పిన కొలతలకి 50 ఘనపుటడుగులు, అంటే దాదాపు 1,400 లీటర్లు. నీళ్లే టన్నున్నరకి దగ్గర. 15 ఎం.ఎం. గాజు రెండు వందల యాభై కిలోలు, ఆపైన స్టాండు, ఇసుక, రాళ్లు. అంతా కలిపితే రెండు టన్నులు, అదీ ఇరవై చదరపుటడుగుల మీద. ఇళ్లలో స్లాబ్‌ని మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల వాడకం బరువుకి డిజైన్ చేస్తారు. మీది వెయ్యి దాటుతోంది, అయిదు రెట్లు. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ టవర్ మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చులు పెట్టి గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటు పోసే పద్ధతిలో కట్టిందా? అలా అయితే ఆ గోడ ఇటుక గోడ కాదు, కాంక్రీటు గోడ. బిల్డింగ్‌ని మోసేది అదే. దానికి కన్నం పెట్టే ఆలోచన ఈరోజే మానుకోండి.

గాజుతొట్టి:
ఇలా భయపెడితే ఎవరూ చేపలు పెంచరు సార్. పుట్టినరోజుకి హాల్లో ముప్పై మంది నిలబడితే రెండు టన్నులే కదా, అప్పుడు స్లాబ్ కూలిందా? పైగా తీసేసే గోడ బరువు లెక్కలో వేయలేదు మీరు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ప్లాస్టరింగ్‌తో కలిపి, 8 అడుగుల పొడవున స్లాబ్ దాకా ఉంటే అదే రెండు టన్నుల దాకా తూగుతుంది. దాని కింద బీమ్ కూడా ఉంటుంది. ఆ బరువు తీసి ఈ బరువు పెడుతున్నాడు, అంతే. 2022 డిసెంబర్‌లో బెర్లిన్ హోటల్లో పది లక్షల లీటర్ల అక్వేరియం పగిలిందని ప్రతివాడూ చెప్తాడు. దాని ఎత్తు పదహారు మీటర్లు. నీటి ఒత్తిడి ఎత్తుని బట్టి ఉంటుంది, ఇతనిది రెండున్నర అడుగులు. పోలికే లేదు.

సైట్_ఇంజనీరు:
ఒత్తిడి ఎత్తుని బట్టే, ఒప్పుకుంటాను. అయినా ఆ రెండున్నర అడుగుల నీళ్లే ముందు గాజు మొత్తాన్ని ఏడు వందల కిలోల బలంతో బయటికి నెడుతుంటాయి, రాత్రీ పగలూ. చుట్టాలు నిలబడతారు, భోంచేసి వెళ్లిపోతారు, పైగా హాలంతా సర్దుకుంటారు. ట్యాంకు పదేళ్లు అక్కడే ఉంటుంది. ఇక గోడ లెక్క ఎర్ర ఇటుకకైతే నిజమే, కానీ ఈ మధ్య ఫ్లాట్లలో లోపలి గోడలకి తేలిక బ్లాకులు వాడుతున్నారు, వాటి బరువు ఇటుకలో సగం కూడా ఉండదు. బీమ్ వెడల్పు తొమ్మిది అంగుళాలు, ట్యాంకు వెడల్పు ముప్పై. మిగతాదంతా స్లాబ్ మీదే కదా పడేది? కుదరదని నేననడం లేదు. స్ట్రక్చరల్ డ్రాయింగులు తెప్పించి, డిజైన్ చేసిన ఇంజనీరు చేతే రాయించుకోండి. ఇంటీరియర్ వాళ్ల మాట మీద మాత్రం వద్దు.

పన్నెండేళ్ల_నీళ్లు:
బరువు సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, అసలు ప్రశ్న ఇంకోటుంది. మాది సొంతిల్లు, గ్రౌండ్ ఫ్లోర్, కాబట్టి ఆ గొడవ లేదు. ఆరడుగుల ట్యాంకుని ఎంతో ముచ్చటపడి గోడలో కట్టించుకున్నాను, నాలుగేళ్ల తర్వాత నేనే దగ్గరుండి ఆ గోడ పగలగొట్టించాను.

పైన తొమ్మిది అంగుళాల సందు వదిలారు, అందంగా ఉండాలని. ఒకరోజు వెనక రాయి సందులో చేప చచ్చి ఇరుక్కుంది. స్టూలెక్కి, చెయ్యి భుజం దాకా దింపి, చెంప పై చెక్కకి ఆనించి తడుముతుంటే వేళ్ల చివర తోక తగులుతోంది గానీ పట్టు దొరకదు. వల కర్ర అడుగున్నర, ఆ సందులో నిలువుగా దిగదు. రెండో రోజుకి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి, మూడో రోజుకి ఇంకో నాలుగు చేపలు పోయాయి. చచ్చిన చేప వల్ల పుట్టే అమ్మోనియా మిగతావాటి మొప్పల్ని కాల్చేస్తుంది. తప్పు చేపలది కాదు, నేను చెయ్యి పట్టే చోటు ఉంచలేదు.

తర్వాత చెమ్మ. ఎండాకాలం రోజూ సగం బకెట్ నీళ్లు ఆవిరయ్యేవి. ఆ ఆవిరి పోయే దారిలేక ప్లైవుడ్ ఉబ్బింది, డైనింగ్ వైపు పెయింటు పొక్కులు లేచింది, లైటు హోల్డర్లు తుప్పు పట్టాయి. చిన్నపిల్లలున్న ఇల్లు, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ట్యాంకు లైనుకి విడిగా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా ఎవరూ నీళ్లు పోయొద్దు, దయచేసి.

కాబట్టి తమ్ముడూ, గోడలో పెట్టాలంటే ఆ గోడ వెనక ఒక గది నీ ట్యాంకుకే వదలాలి. స్టోర్ రూమో, వాష్ ఏరియానో. మనిషి నిలబడేందుకు మూడడుగులు, పైన కనీసం రెండడుగులు, నేలకి డ్రెయిన్, గాలి పోయే ఫ్యాను. రెండు వైపులా కనబడాలంటే ఆ గది ఉండదు. ఒక వైపు నుంచి కనబడటం వదులుకో, లేదంటే గోడకి ఆనించి విడిగా స్టాండు మీద పెట్టుకో. నేనిప్పుడు అలాగే పెట్టాను, పై నుంచి ప్రతి మూలకీ చెయ్యి అందుతుంది.

గాజుతొట్టి:
పైన పలకలు తలుపుల్లా తెరుచుకునేలా చేయిస్తే సరిపోదా అన్నా? నాకు తెలిసిన ఇంట్లో అలా చేశారు, రెండేళ్లయింది, బాగానే ఉంది.

పన్నెండేళ్ల_నీళ్లు:
నాకూ రెండేళ్లు బాగానే ఉంది. తలుపులు తెరుచుకుంటే చెయ్యి పడుతుంది, మంచిదే. కానీ గాజు అంచున అతికించిన సిలికాన్ జిగురు ఊడితే? ట్యాంకు బయటికి తీయాలంటే దారేది? ఎనిమిదడుగుల ట్యాంకు లిఫ్టులో పట్టదు, మెట్లు తిరగదు. అక్కడే అతికించాలి, అక్కడే విప్పాలి.

హాల్లో_చేపలు:
బిల్డర్‌ని అడిగాను, మాది మైవానే. అంటే ఆ గోడ ముట్టుకోకూడదు. రాత్రి చాలాసేపు బాధపడ్డాను. పన్నెండేళ్ల అన్న చెప్పినట్టు పిల్లర్ పక్కన గోడకి ఆనించి అయిదడుగులది పెట్టుకోవచ్చా అని ఇంజనీరుగారికి డ్రాయింగులు పంపుతున్నాను. అందులో అరోవానా కుదురుతుందా?

పన్నెండేళ్ల_నీళ్లు:
వద్దు. సిల్వర్ అరోవానా జానెడు పిల్లగా దొరుకుతుంది, మూడడుగులకి పెరుగుతుంది. నీ ఎనిమిదడుగుల ట్యాంకు వెడల్పే రెండున్నర, అందులోనే తిరగలేక వంగిపోయేది. అయిదడుగులంటే అన్యాయం. మీకు బోరు నీళ్లా? ఉప్పదనం ఎక్కువుంటే ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్ చేపలు పెట్టు. లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లని అవి తట్టుకుంటాయి, నీలం, పసుపు రంగుల్లో హాలు వెలిగిపోతుంది.

ఇంకోటి. ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టిని కూడా సంప్ అంటారు, ఇంటి ముందు నేలలో ఉండే సంప్ కాదు. కరెంటు పోగానే మోటారు ఆగి, పై నీళ్లు కొన్ని అందులోకి దిగుతాయి. మోటారు నీళ్లు పైకి పంపే పైపులో గాలి చొరబడే కన్నం లేకపోతే దిగుతూనే ఉంటాయి, కింది ఫ్లాటు వాళ్ల ఫాల్స్ సీలింగ్ దాకా. నీళ్లు నింపిన మొదటి రోజే, చేపలు వేయకముందే, మోటారు ఆపి పది నిమిషాలు పక్కనే కూర్చో. సంప్‌లో నీళ్లు ఎక్కడ ఆగాయో మార్కర్‌తో గీత గీసి నాకు ఫోటో పంపు.