హ్యాట్‌ఫీల్డ్, మెకాయ్‌ల పగ: ప్రేమ వల్లా, పంది వల్లా, భూమి వల్లా?

వేణు_కడప:
అమెరికాలో కుటుంబ కక్షలు అనగానే అందరూ ముందు చెప్పే పేర్లు హ్యాట్‌ఫీల్డ్, మెకాయ్. కెంటకీకీ వెస్ట్ వర్జీనియాకీ మధ్య సరిహద్దుగా పారే టగ్ ఫోర్క్ ఒడ్డున, 19వ శతాబ్దం చివర్లో వీళ్లు ఒకరినొకరు చంపుకున్నారు. హ్యాట్‌ఫీల్డ్‌లది ఎక్కువగా వెస్ట్ వర్జీనియా వైపు, మెకాయ్‌లది ఎక్కువగా కెంటకీ వైపు. తెలుగులో దీని మీద వచ్చే వీడియోలన్నీ రెండు ముక్కలే చెబుతున్నాయి: ఒక పందిని ఎవరో దొంగిలించారు, ఒక అమ్మాయి శత్రువుల అబ్బాయిని ప్రేమించింది. నేను ఒప్పుకోను. అసలు గొడవ భూమి, కలప.

అంతర్యుద్ధం తర్వాత ఆ లోయలో డబ్బు కళ్లజూడాలంటే చెట్లు కొట్టి, దుంగల్ని నదిలో తేల్చి అమ్మాలి. 'డెవిల్ ఆన్స్' అని పిలిచే హ్యాట్‌ఫీల్డ్‌ల పెద్ద, విలియం ఆండర్సన్ హ్యాట్‌ఫీల్డ్, ఆ వ్యాపారంలోనే పైకొచ్చాడు. పక్క భూమి పెర్రీ క్లైన్ అనే కుర్రాడిది, తండ్రి నుంచి వచ్చింది. తన చెట్లు నరికాడని ఆన్స్ అతని మీద 1872లో దావా వేశాడు. చివరికి రాజీ కుదిరేసరికి క్లైన్‌కి చెందిన 5,000 ఎకరాలు ఆన్స్ చేతికి వచ్చాయి. క్లైన్ కెంటకీలోని పైక్‌విల్ ఊరు వెళ్లి లాయరయ్యాడు. అతని అక్క మార్తా మెకాయ్‌ల కోడలు, ఆ ఇంటి పెద్ద రాండాల్ఫ్ మెకాయ్ తమ్ముడి భార్య.

ఇక 1878 నాటి పంది కేసు, తన పందిని ఒక హ్యాట్‌ఫీల్డ్ దొంగిలించాడని రాండాల్ఫ్ పెట్టింది. అందులో చూడాల్సింది జ్యూరీని. ఆరుగురు హ్యాట్‌ఫీల్డ్‌లు, ఆరుగురు మెకాయ్‌లు. సెల్కిర్క్ మెకాయ్ అవతలి వైపు మొగ్గడంతో రాండాల్ఫ్ ఓడిపోయాడు. సెల్కిర్క్ ఎవరి దగ్గర పని చేసేవాడు? ఆన్స్ కలప పనిలోనే. ఇంట్లో పొయ్యి వెలగాలంటే కూలి ఇచ్చేవాడిని కాదని ఎలా అంటాడు?

శ్రీవల్లి:
వేణు గారూ, మీ వాదనలో ఎకరాలు, దుంగలు అన్నీ ఉన్నాయి. రోజానా ఎక్కడ?

1880 ఆగస్టు, బ్లాక్‌బెర్రీ క్రీక్ దగ్గర ఓట్ల రోజు. అక్కడ ఓట్ల రోజంటే తిరునాళ్లే, రెండు ఒడ్ల జనమూ చేరతారు. రాండాల్ఫ్ కూతురు రోజానా, ఆన్స్ కొడుకు జాన్సీతో ఆ రోజే హ్యాట్‌ఫీల్డ్‌ల ఇంటికి వెళ్లిపోయింది. ఆన్స్ పెళ్లికి ఒప్పుకోలేదు. కొన్నాళ్లకి తిరిగొచ్చిన అమ్మాయి పుట్టింట్లో ఇమడలేక బంధువుల ఇంట్లో తలదాచుకుంది. తర్వాత ఆమె అన్నదమ్ములు జాన్సీని పట్టుకున్నప్పుడు, రాత్రికి రాత్రి గుర్రమెక్కి వెళ్లి ఆన్స్‌కి కబురు చెప్పింది ఆమేనంటారు. అంటే ప్రియుడిని కాపాడటానికి సొంత మనుషులకే ఎదురు నిలిచింది. పుట్టిన బిడ్డ పసిగుడ్డుగానే పోయింది. మరుసటి ఏడాది జాన్సీ ఆమె చిన్నాన్న కూతురు నాన్సీని పెళ్లి చేసుకున్నాడు.

ఇదంతా కలప ధరతో లెక్కగడతారా? 1882 ఆగస్టులో మళ్లీ ఓట్ల రోజునే రాండాల్ఫ్ కొడుకులు ముగ్గురు ఆన్స్ తమ్ముడు ఎలిసన్‌ని కత్తులతో పొడిచారు. ఆ ముగ్గురినీ హ్యాట్‌ఫీల్డ్‌లు పట్టుకుపోయారు. తల్లి సారా వెళ్లి కాళ్లావేళ్లా పడింది. ఎలిసన్ చచ్చిపోగానే ముగ్గురినీ చెట్లకు కట్టేసి కాల్చేశారు. చెక్క అమ్ముకునేవాడికి ఆ పని అక్కర్లేదు. అది పరువు, కడుపుకోత, తాగిన మైకం.

రాజు_ఆళ్లగడ్డ:
మన సీమ ఫ్యాక్షన్ కథే కదన్నా ఇది. అక్కడా ఇంతే, ఇక్కడా ఇంతే.

వేణు_కడప:
కాదు తమ్ముడూ. కక్ష అన్న మాట ఒక్కటే కలిసింది. అక్కడ రెండు రాష్ట్రాలు, ఇద్దరు గవర్నర్లు, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు. ఆ కథని అక్కడే ఉంచి మాట్లాడుకుందాం.

లాయర్_నరసింహం:
వేణు గారి భూమి వాదనకి నాదొక అభ్యంతరం. క్లైన్ భూమి పోగొట్టుకుంది 1870ల్లో. కెంటకీ గవర్నర్ బక్నర్ దగ్గరికి వెళ్లి ఆ ముగ్గురు అన్నదమ్ముల పాత హత్య కేసుల్ని తిరగదోడించింది 1887లో. పదేళ్లు ఎందుకు ఊరుకున్నాడు? మధ్యలో 1886లో జరిగిన ఒక చావుని మీరు చెప్పలేదు. ఆ ఏడాది హ్యాట్‌ఫీల్డ్‌ల మనుషుల చేతిలో జెఫ్ మెకాయ్ చనిపోయాడు. జెఫ్ ఎవరో కాదు, మార్తా కొడుకు, క్లైన్‌కి స్వయానా మేనల్లుడు. అక్క కొడుకుని చంపితే ఏ మేనమామైనా గవర్నర్ గుమ్మం తొక్కుతాడు. దానికి 5,000 ఎకరాలు కారణం కానక్కర్లేదు.

ఆ తర్వాత జరిగింది నన్ను ఇంకా కలవరపెడుతుంది. ఫ్రాంక్ ఫిలిప్స్ అనే కెంటకీ పోలీసు డిప్యూటీ నది దాటి వెస్ట్ వర్జీనియాలోకి చొరబడి మనుషుల్ని ఎత్తుకొచ్చి పైక్‌విల్ జైల్లో పెట్టాడు. అప్పగింత ఉత్తర్వు లేదు, ఏమీ లేదు. 1888లో అమెరికా సుప్రీంకోర్టు ఏమందంటే, తెచ్చిన తీరు అక్రమమైనా కెంటకీ రాష్ట్రం ఆ మనుషుల్ని విచారించవచ్చు. కుటుంబాల గొడవలో పోయిన ప్రాణాల గురించి అందరూ రాస్తారు, ఈ తీర్పు గురించి ఎవరూ రాయరు.

వేణు_కడప:
పదేళ్లు ఎందుకు ఊరుకున్నాడంటే, అప్పటిదాకా క్లైన్‌కి బలం లేదు కాబట్టి. 1887లో బక్నర్ గవర్నర్‌గా గెలిచాడు, క్లైన్‌కి అక్కడ పలుకుబడి వచ్చింది. అదే కాలంలో ఆ లోయకి రైలు వస్తుందన్న మాట పుట్టింది. రైలొస్తే కొండ కింది బొగ్గుకి విలువ. ఆన్స్ చేతిలో ఉన్న భూమికి ఒక్కసారిగా రెక్కలొచ్చే సమయం అది. మేనల్లుడి చావు నిజమే, నేను కాదనను. కానీ నష్టపోయినవాడి కడుపుమంటకి అధికారం తోడైతే జరిగేది ఇదే.

ఉన్నవాడు, లేనివాడు అన్న తేడా ఇంకా స్పష్టంగా కనిపించే చోటు చెబుతాను. 1888 జనవరి 1 రాత్రి హ్యాట్‌ఫీల్డ్‌ల ముఠా రాండాల్ఫ్ ఇంటికి నిప్పు పెట్టింది. కూతురు అలిఫేర్, కొడుకు కాల్విన్ చనిపోయారు, సారాని చావబాదారు. ఆ కేసులో ఉరికంబం ఎక్కింది ఎవరు? ఎలిసన్ మౌంట్స్ అనే ఒక్క యువకుడు. 1890 ఫిబ్రవరి 18న పైక్‌విల్‌లో. అతను చనిపోయిన ఎలిసన్ హ్యాట్‌ఫీల్డ్‌కి పెళ్లి కాకుండా పుట్టిన కొడుకని చెబుతారు. బుద్ధిమాంద్యం ఉన్నవాడనీ అంటారు. ఆస్తి లేదు, అండగా తండ్రి లేడు. ఇంటి పెద్ద ఆన్స్ మీద హత్య విచారణే జరగలేదు. భూమి అమ్ముకుని, నదికి దూరంగా వెస్ట్ వర్జీనియా లోపలికి వెళ్లిపోయి 1921లో వయసు నిండి పోయాడు. ఇది చదివి కూడా 'పంది కోసం కొట్టుకున్నారు' అని ఎలా అంటారో నాకర్థం కాదు.

కుమారి_కెంటకీ:
నేను ఉండేది తూర్పు కెంటకీలో. మావారు ఇక్కడి ఆసుపత్రిలో డాక్టర్. ఈ కొండ ఊళ్లలో చాలాచోట్ల డాక్టర్లు మనవాళ్లే, ఆ సంగతి మీకూ తెలిసే ఉంటుంది. ఇక్కడ ఈ పగ పేరు మీద టూర్లు నడుస్తాయి, బోర్డులు పెడతారు, 2003లో రెండు కుటుంబాల వారసులు పైక్‌విల్‌లో శాంతి పత్రం మీద సంతకాలు కూడా చేశారు. మాకు తెలిసిన పెద్దావిడ ఒకరు మాత్రం ఆ ప్రస్తావన వస్తే ముఖం తిప్పుకుంటారు. మమ్మల్ని కొండ మృగాల్లా చూపించడానికి పుట్టిన కథ అది, అంటారు.

ఆవిడ మాటలో బలముంది. 1888లో న్యూయార్క్ వరల్డ్ పత్రిక విలేకరి ఇక్కడికొచ్చి రాసిన కథనాలతో దేశమంతా వీళ్లని అనాగరికులుగా చూసింది. 1892కల్లా టగ్ లోయలో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైలు తిరిగింది. ఆ వెనకే బొగ్గు కంపెనీలు. భూములు బయటివాళ్ల పాలయ్యాయి, హ్యాట్‌ఫీల్డ్ అయినా మెకాయ్ అయినా గనిలో దిగాల్సిందే. 1920 మే 19న అదే నది ఒడ్డున మేట్‌వాన్ ఊళ్లో, కార్మికుల ఇళ్లు ఖాళీ చేయించడానికి వచ్చిన కంపెనీ డిటెక్టివ్‌లతో కాల్పులు జరిగి పది మంది చనిపోయారు. కార్మికుల పక్షాన నిలిచిన పోలీసు అధికారి పేరు సిడ్ హ్యాట్‌ఫీల్డ్. మరుసటి ఏడాది వెల్చ్ కోర్టు మెట్ల మీద అతన్ని కాల్చేశారు. ఆ రెండో గొడవ గురించి టూర్ బస్సుల్లో వచ్చేవాళ్లు అడగరు.

శ్రీవల్లి:
కుమారి గారూ, చాలా మంచి విషయం చెప్పారు. అయినా నా మాట మీద నేనున్నాను. పత్రికలవాళ్లు అనాగరికులన్నారు కాబట్టి, ఇప్పుడు మనం గౌరవంగా భూమి, బొగ్గు, రైలు అని మాత్రమే మాట్లాడితే మళ్లీ ఆ ఆడవాళ్లు పక్కకి పోతారు.

నాన్సీ సంగతి చూడండి. తండ్రిని 1865లో చంపారు, అన్న జెఫ్‌ని 1886లో చంపారు. తను చేసుకున్నదేమో హ్యాట్‌ఫీల్డ్ కొడుకుని. చివరికి జాన్సీని వదిలేసి నరసింహం గారు చెప్పిన ఆ ఫ్రాంక్ ఫిలిప్స్‌నే పెళ్లాడింది. ఆన్స్ మేనమామ జిమ్ వాన్స్‌ని కాల్చి చంపింది ఆ ఫిలిప్సే. ఒక మెకాయ్ అమ్మాయిని కాదన్న ఆన్స్, ఏడాది తిరగకుండా ఇంకో మెకాయ్ అమ్మాయిని కోడలిగా ఎందుకు రానిచ్చాడు? ఇంటిపేరు మీద ద్వేషమైతే ఇద్దరినీ కాదనాలి. భూమి లెక్కయితే క్లైన్ మేనకోడల్ని అసలు రానివ్వకూడదు. వేణు గారూ, దీనికి మీ జవాబేంటి?

వేణు_కడప:
ఆన్స్‌కి నచ్చనిది ఇంటిపేరు కాదు, రాండాల్ఫ్. పంది కేసులో తన మనుషుల్ని కోర్టుకి ఈడ్చినవాడి కూతురు రోజానా. నాన్సీ తండ్రి లేని పిల్ల, ఆమె వెనక నిలబడి బేరమాడేవాడు అప్పటికి ఆ లోయలో లేడు. క్లైన్ భూమి పోగొట్టుకుని వెళ్లిపోయాడు. అలాంటి కోడలి వల్ల ఆన్స్ దేనికీ తలవంచక్కర్లేదు. నేనైతే అలాగే చూస్తాను.

శ్రీవల్లి:
అంటే రోజానాని కాదనడం వాళ్ల నాన్న మీద కోపంతోనే అని మీరే ఒప్పుకుంటున్నారు. నేను మొదటి నుంచీ పరువు అంటున్నది దాన్నే.