సొంతంగా చేసిన ఛాలెంజ్ తాళం తీస్తే లెక్కలో వేయాలా?

నల్లగొండ_కప్పతాళం:
చెవి లేకుండా మనం తీసిన తాళాల జాబితాలో కంపెనీ తాళాలూ, సభ్యులు లోపల మార్పులు చేసి ఒకరికొకరు పంపుకునే ఛాలెంజ్ తాళాలూ ఒకే వరుసలో ఉన్నాయి. వాటిని విడదీయాలని ఈ వారం ఇద్దరు సభ్యులు అడిగారు. ఆకురాయి పట్టుకుని పిన్నులు కోస్తే ఎవరైనా కష్టమైన తాళం చేయొచ్చు, దాన్ని తీయడం నేర్పుకు కొలత కాదు అన్నది వాళ్ల వాదన. మీరేమంటారు? కారణంతో సహా రాయండి. తాళం మన సొంతానిదై ఉండాలి, ఏ తలుపుకూ వాడకంలో ఉండకూడదు అనే మన నియమం మీద మాత్రం చర్చ లేదు.

జడ్చర్ల_లేత్:
విడదీయాల్సిందే అన్నా. మంచి కంపెనీ తాళంల కష్టం ఎక్కడికెళ్లి వస్తది? చెవితోని తిరిగే ప్లగ్గుకు, దాని సుట్టున్న బాడీకి నడుమ సందు తక్కువుంటది, పిన్ను రంధ్రాలన్నీ ఒకే గీత మీదుంటయి. చవక తాళంల రంధ్రాలు కొంచెం అటీటు ఉంటయి, అందుకే టెన్షన్ ఇయ్యంగనే, అంటే రెంచితోని ప్లగ్గును తిప్పజూస్తే, ఒక్కొక్క పిన్ను వరుసగ బిగుస్తది. బిగిసినదాన్ని పిక్ అనే సన్న కడ్డీతోని లేపుకుంట పోతే అయిపాయె. రంధ్రాలు సక్కగుంటే రెండు మూడు పిన్నులు ఒక్కపారే బిగుస్తయి, ఏది ముందు లేపాల్నో చేతికి తెల్వది. ఆ కచ్చితత్వం ఇంట్ల డ్రిల్లు మిషన్‌తోని రాదు.

ఛాలెంజ్ తాళాలల్ల ఎక్కువ మటుకు కష్టమనుకునేది నిజానికి ఇరుక్కుపోవుడు. మిర్యాలగూడ రైసు మిల్లు గోదాం తాళం చూడుండ్రి. ఊక దుమ్ముకు నూనె కలిసి లోపల ముద్దయితది, స్ప్రింగు పిన్నును కిందికి నెట్టలేదు. అది తీసుడు కూడ కష్టమే, కానీ దాన్ని గొప్ప తాళం అని ఎవ్వరన్న అంటరా? పెట్రోలుతోని కడిగి, నూనె కాకుంట గ్రాఫైట్ పొడి ఏస్తే మామూలు తాళమైతది. సగం ఛాలెంజ్ తాళాల సంగతి గంతే.

దేవరకొండ_స్పూల్:
చెత్తగా చేసిన తాళాన్ని చూపించి అన్నీ అంతే అనడం సరికాదు. సరిగ్గా ఎలా చేస్తారో రాస్తాను, అప్పుడు తేల్చండి.

తలుపుల్లో వాడే యూరో సిలిండర్ తీసుకుని, ప్లగ్గును పట్టి ఉంచే సర్క్లిప్ విప్పి, తాళం చెవి పెట్టి కొంచెం తిప్పి, ప్లగ్గు మందం ఉన్న రాడ్డుతో వెనక నుంచి నెట్టాలి. రాడ్డు ప్లగ్గుకు ఆనుకునే ఉండాలి. మధ్యలో ఎడం వస్తే స్ప్రింగు ఎగిరిపోతుంది. పిన్నుల్ని వచ్చిన వరుసలోనే ట్రేలో పెట్టుకోవాలి.

కొత్త డ్రైవర్ పిన్నులకు (స్ప్రింగు వైపు ఉండే పిన్నులకు) 3 మి.మీ. ఇత్తడి కడ్డీ చాలు. డ్రిల్లు చక్‌లో బిగించి తిప్పుతూ, సన్నని ఆకురాయితో నడుము కోస్తే స్పూల్ పిన్ను వస్తుంది. నడుము 1.5 మి.మీ. కంటే సన్నం చేయొద్దు, టెన్షన్‌కు వంగిపోతుంది. నడుము బదులు వరుసగా సన్నని గాట్లు పెడితే సెరేటెడ్ పిన్ను.

అసలు పని రంధ్రాల్లో ఉంది. సుమారు 3 మి.మీ. ఉండే బాడీ రంధ్రాల్లో ఎం3.5 ట్యాప్‌తో మర కోస్తే గోడల మీద తేలికైన గీతలు పడతాయి. సెరేటెడ్ పిన్ను ఆ గీతల్లో చిక్కుకుంటూ లేస్తుంది. ప్రతి గాటుకూ క్లిక్కుమంటుంది, ప్రతి క్లిక్కూ సెట్ అయినట్టే, అంటే పిన్ను సరైన ఎత్తుకు చేరినట్టే, అనిపిస్తుంది. అందులో నిజమైనది ఒక్కటే. ట్యాప్ దించడానికి బాడీ కింద రంధ్రాలను మూసే బిళ్లలు తీసేయాలి కాబట్టి, మూతి దగ్గర మాత్రం 3.3 మి.మీ. డ్రిల్లు వేసి ఎం4 మర కోసి గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) పెట్టుకోవాలి. మళ్లీ విప్పడం కూడా సులువు.

ఇక జడ్చర్ల అన్న చెప్పే ఇరుక్కుపోవడానికి కారణాలు రెండే. ఒకటి, మర కోశాక ఇత్తడి రజను కడగకపోవడం. రెండోది, మర అంచులు పదునుగా వదిలేయడం. 3 మి.మీ. డ్రిల్లు బిట్టును చేత్తోనే ఒకసారి తిప్పుతూ లోపలికి దించి, పిన్ను అంచుల్ని 800 నంబరు ఎమరీ కాగితం మీద మొద్దుబారిస్తే తాళం చెవి వెన్నలా తిరుగుతుంది. ఇది చేయనివాణ్ని తప్పుపట్టండి, తాళాన్ని కాదు.

పాలమూరు_లీవర్:
మీ ఇద్దరూ పిన్ను తాళాల గురించే మాట్లాడుతున్నారు. మన ఊళ్లలో ఇళ్లకు, దుకాణాలకు వేలాడేవి ఎక్కువగా లీవర్ తాళాలు, అంటే పిన్నుల బదులు పైకి లేచే పలకలు ఉండేవి. వాటికి కొన్నవాళ్లు కష్టాన్ని లీవర్ల లెక్కతో కొలుస్తారు, 5 కంటే 7 గట్టిదని. నిజానికి 7 లీవర్లున్నా గేట్లు (లీవర్లలోని గాడులు) వదులుగా ఉంటే 5 లీవర్ల తాళం కంటే తేలిక. లీవర్ గేటులోనూ, ఆ గేటులోకి దూరే బోల్టు మీది స్టంపు మీదా దొంగ గాట్లు ఉన్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. గాటు ఉన్న లీవర్ సగం లేచి పట్టేస్తుంది. దాన్ని విడిపించాలంటే బోల్టు మీది ఒత్తిడి తగ్గించాలి, తగ్గిస్తే మిగతావి పడిపోతాయి.  పైగా లీవర్ గేటు దాటి పైకి పోతే, పోయిందని తేలిగ్గా తెలియదు. అందుకే నా మాట: కంపెనీదా, సొంతంగా చేసిందా అన్న విభజన పనికిరాదు. లోపల ఏముందో రాసి, దాన్నిబట్టి వరుస కట్టండి.

వనపర్తి_కోడ్:
లెక్కలోకి వస్తుందా రాదా అన్న గొడవ ఇప్పటిది కాదు. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళాన్ని పికడిల్లీ దుకాణం కిటికీలో పెట్టి, తీసినవాళ్లకు 200 గినీలని బోర్డు రాసింది. అందులో పిన్నుల్లా పనిచేసే స్లైడర్లు 18. 1851 మహా ప్రదర్శన ఏడాదిలో అమెరికావాడు హాబ్స్ 16 రోజుల్లో విడతలుగా 51 గంటలు కూర్చుని తీశాడు. స్ప్రింగు ఒత్తిడిని ఆపి ఉంచే పరికరాన్ని తాళానికి బిగించుకుని పనిచేశాడు, అది న్యాయం కాదని బ్రామా వాళ్లు అభ్యంతరం చెప్పారు. మధ్యవర్తులు మాత్రం తీసినట్టేనని తేల్చి డబ్బు ఇప్పించారు. అదే ఏడాది చబ్ కంపెనీ డిటెక్టర్ తాళాన్ని హాబ్స్ అరగంట లోపే తీశాడు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ బ్రామా తాళం కూడా ప్రత్యేకంగా పందెం కోసం చేసిందే. దుకాణంలో అమ్మే బ్రామాలకు అన్ని స్లైడర్లు ఉండేవి కావు. పందెం తాళాన్ని లెక్కలోంచి తీసేస్తే ఈ కళ చరిత్రలో పెద్ద ఘట్టాన్నే తీసేసినట్టు.

అయితే ఒక్క విషయంలో జడ్చర్ల తమ్ముడి వైపే ఉంటాను. కోడ్, అంటే చెవి మీది కోతల లోతుల వరుస, అసాధ్యంగా ఉండకూడదు. కంపెనీ చెవి కోసేటప్పుడు పక్కపక్క కోతల మధ్య తేడాకు హద్దు పెట్టుకుంటుంది, లేకపోతే లోతైన కోత వాలు పక్క కోతను తినేస్తుంది. ఛాలెంజ్ తాళం చేసేవాళ్లు చెవిని ఆకురాయితో కోస్తారు కనుక ఆ హద్దు దాటేయగలరు. అప్పుడు అసలు కదలాల్సిన అవసరంలేని పిన్ను వెనకే, బాగా పైకి లేవాల్సిన పిన్ను వస్తుంది. 0.6 మి.మీ. హాక్సా బ్లేడు పిక్ అక్కడ ముందు పిన్నును తగలకుండా వెళ్లదు. మనిషి చెయ్యికి దారే లేని చోట కష్టం అన్న మాటకు అర్థం లేదు.

జడ్చర్ల_లేత్:
అక్కా, చరిత్ర మంచిగ చెప్పినవ్. కానీ బ్రామా తాళాన్ని చేసింది ఎవరు? లేత్ మీద ప్రాణం పెట్టిన పనోళ్లు. ఆకురాయితోని చేసింది కాదు. స్పూల్ తమ్మీ చెప్పినట్టు మర అంచులు మొద్దు చేస్తే చెవి సాఫుగ తిరుగుతది, ఒప్పుకుంట. మరి ప్లగ్గు రంధ్రాల పైమూతిని వెడల్పు చేసి కౌంటర్‌మిల్ పెడుతున్నరు కదా, దాని సంగతేంది? స్పూల్ అంచు ఆ గాడిల కూసుంటే ప్లగ్గును మస్తు ఎన్కకు తిరగనిస్తెనే పిన్ను లేస్తది. అంత ఎన్కకు పోతే పక్క పిన్నులు కూలుతయి. గాడి ఎంత లోతు కోసిండో కోసినోనికే తెలుస్తది, ఒక్కొక్క రంధ్రానికి ఒక్కొక్క లోతు. రెండు తాళాలు ఒక్కతీరుగ చేయలేరు. ఇంకొకరు అదే తాళం మీద సరిచూడలేనిదాన్ని వరుసల ఎట్ల పెడ్తం?

దేవరకొండ_స్పూల్:
తాళం చేతులు మారుతుంది కదా అన్నా, ముగ్గురు సభ్యులు అదే తాళం తీస్తే అదే సరిచూడటం. ఒకరు తీసి ఎవరికీ పంపనిది లెక్కలో వద్దంటే ఒప్పుకుంటాను. ఇంకా ఒక పరీక్ష పెట్టండి. పంపే ముందు చెవితో 20 సార్లు తీసి వేయాలి. పిన్నులు పైకి ఉండేలా 10 సార్లు, కిందికి ఉండేలా 10 సార్లు. మన తలుపుల యూరో సిలిండర్లలో పిన్నులు కిందివైపు ఉంటాయి, అప్పుడు స్ప్రింగు మాత్రమే వాటిని పైకి నెడుతుంది. బలహీనమైన స్ప్రింగు, రజను ఉంటే అక్కడ దొరికిపోతుంది. తీసినాయన తాళాన్ని విప్పి, పిన్నులను వరుసగా పరిచి ఫోటో పెట్టాలి.

జడ్చర్ల_లేత్:
20 సార్ల పరీక్ష మంచిది, అది పెట్టుండ్రి. అయినా వరుస వేరే ఉండాల్నన్న మాట మీదనే ఉన్న.

హాలియా_కొత్తచేయి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. 4 పిన్నుల మామూలు తాళాలు వస్తున్నాయి, స్పూల్ దగ్గర ఆగిపోతున్నాను. ప్లగ్గు కొంచెం తిరిగి అక్కడే నిలబడిపోతుంది. ఛాలెంజ్ తాళం ఇప్పుడే పట్టుకోవచ్చా?

వనపర్తి_కోడ్:
ఇప్పుడే వద్దు తమ్ముడూ. ప్లగ్గు కొన్ని డిగ్రీలు తిరిగి నిలబడిందంటే స్పూల్ నడుము షియర్ లైన్‌లో (ప్లగ్గూ బాడీ కలిసే గీతలో) చిక్కుకుందన్నమాట. అది తప్పు కాదు, దారి సరైనదే. ఇప్పుడు ఒక్కో పిన్నును మెల్లగా నొక్కి చూడు. ఏ పిన్ను నొక్కితే ప్లగ్గు వెనక్కి తిరగాలని చూస్తుందో, అదే స్పూల్. దాన్ని నొక్కుతూనే టెన్షన్ వేలిని కొద్దిగా వదులు చెయ్, పూర్తిగా తీసేయొద్దు. ప్లగ్గు వెనక్కి జరిగి టక్కుమని మళ్లీ ముందుకొస్తుంది. ఆ మధ్యలో ఏదైనా పిన్ను పడిపోతే దాన్ని మళ్లీ సెట్ చేసుకో. టెన్షన్ రెంచి తాళం రంధ్రం అడుగున పెడుతుంటే, పైన పెట్టి చూడు. పిక్‌కు చోటు దొరుకుతుంది, వెనక్కి తిరగడం వేలికి స్పష్టంగా తెలుస్తుంది. 5 పిన్నుల సిలిండర్‌లో ఒక్క స్పూల్ మాత్రమే ఉంచి, మిగతావి మామూలు పిన్నులు వేసుకో. అది వచ్చాక రెండు, తర్వాత మూడు. ఐదు స్పూళ్లూ వచ్చాక దేవరకొండ తాళం అడుగు.