మాక్‌బుక్ ఎయిరా, విండోస్ ల్యాప్‌టాపా? టాలీ కూడా నడవాలి (పర్లాకిమిడి, ఒడిశా)

మహేంద్రతనయ_తీరం:
ఇంటికి ఒక్కటే ల్యాప్‌టాప్ కొనాలి. అమ్మాయి ప్లస్ టూ సైన్స్, వీడియో పాఠాలు చూస్తుంది. రాత్రిపూట నేను కొట్టు లెక్కలు టాలీలో ఎక్కించాలి, జీఎస్టీ రిటర్న్ వెయ్యాలి. తెలుగు, ఒడియా రెండూ టైప్ చెయ్యాలి. వానాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, బ్యాటరీ కోసమైనా మాక్ తీసుకోమంటున్నారు. విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటుంది. ఏది మేలు?

బరంపురం_హార్డ్‌వేర్:
టాలీ అన్నారు కదండీ, సగం జవాబు అక్కడే ఉంది. అది విండోస్ ప్రోగ్రామ్. ఆపిల్ సొంత చిప్ ఉన్న ఎం-సిరీస్ మాక్‌లలో బూట్ క్యాంప్ (మాక్‌లో నేరుగా విండోస్ వేసుకునే సదుపాయం) లేదు. మాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ లాంటి ప్రోగ్రామ్ చందా కట్టి తీసుకుని, అందులో ఆర్మ్ (ఆ రకం చిప్‌లకి చేసిన) విండోస్ 11 వేసి, దానిమీద టాలీ నడపాలి. నడుస్తుంది గానీ డిజిటల్ సంతకం టోకెన్ (యూఎస్‌బీలో పెట్టేది) దగ్గర మొరాయిస్తుంది: ఆర్మ్‌కి రాసిన డ్రైవర్ లేకపోతే టోకెన్‌ని గుర్తించదు. కొట్టు సొంత పేరు మీదుంటే రిటర్న్‌ని ఓటీపీతో ధ్రువీకరించే ఈవీసీ చాలు. కంపెనీ, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) అయితే టోకెన్ తప్పదు.

విండోస్‌లో 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజ్)కి తగ్గొద్దు. ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 ప్రాసెసర్ల పేర్లలో మూడో అంకె చూడండి. 7520యూలో అది 2, అంటే 2019 నాటి జెన్ 2 డిజైనే కొత్త స్టిక్కర్‌తో. పైగా ఆ చిప్‌తో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, 8 జీబీ కొంటే ఎప్పటికీ 8 జీబీయే. 7530యూ అయితే జెన్ 3. అందులోనూ ర్యామ్ స్లాటు ఉందో లేదో మోడల్‌ని బట్టి అడగాలి. స్క్రీన్ దగ్గర "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" (ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని రాసుంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి.

గుణుపూర్_ప్యాసింజర్:
బ్యాటరీ మాట అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. ఎయిర్‌లో ఉన్నది 50 చిల్లర వాట్-అవర్ల (బ్యాటరీ నిల్వ కొలత) బ్యాటరీయే, చిప్ తక్కువ తింటుంది కాబట్టి 18 గంటల వీడియో అని ఆపిల్ చెప్పుకోగలుగుతోంది. చౌక విండోస్ ల్యాప్‌టాప్‌లో 42 వాట్-అవర్లుండి, సగటున 8 వాట్లు తింటే 5 గంటలు. ఎయిర్‌కి ఫ్యాన్ లేదు, దుమ్ము పీల్చే గొడవా లేదు.

అయితే కరెంటు పోతే ముందు ఆగేది వై-ఫై రూటర్. దాని అడాప్టర్ మీదున్న వోల్టులు (ఎక్కువగా 12), ఆంపియర్లు, పిన్ సైజు చూసి మినీ యూపీఎస్ కొనండి. పాఠాలు ఆగవు.

టాలీ డెస్క్‌టాప్‌లోనే ఉంచి, మాక్‌లో బ్రౌజర్‌తో రిటర్న్ వేసుకోవచ్చు. బ్యాకప్ పెన్‌డ్రైవ్‌ని రెండింటిలోనూ పనిచేసే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మాక్ చదువుతుందంతే, రాయదు. ఎయిర్‌కి పాత యూఎస్‌బీ పోర్టు ఉండదు, అడాప్టర్ కావాలి.

కాశీనగర్_డీటీపీ:
టైపింగ్‌కి రెండూ ఒకటే. విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లోకి వెళ్లి తెలుగు, ఒడియా చేర్చండి. ఒక్కోదాని పక్కన మూడు చుక్కలు నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే మన లిపిలో వచ్చేది) కలపండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. మాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్. ఆకృతి ఫాంట్లలో చేసిన పాత ఒడియా ఫైళ్లు మాత్రం ఆ ఫాంట్లు లేని చోట, యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ చదివే అక్షర పద్ధతి) మార్చందే, పిచ్చి గీతలే.

కొట్టు పేర టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో కొంటే 21తో మొదలయ్యే మీ ఒడిశా జీఎస్టీ నంబరుకి ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాల పన్ను) బిల్లు ఇస్తారా అని ముందే అడగండి. ఆంధ్ర ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా పన్ను) పడితే ఒడిశాలో దాని క్రెడిట్ రాదు.

మహేంద్రతనయ_తీరం:
కొట్టు నా పేరు మీదే, టోకెన్ లేదు. డెస్క్‌టాప్ నాలుగో తరం ఐ3.

బరంపురం_హార్డ్‌వేర్:
అయితే దానికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. లెక్కలన్నీ దానిమీద పెట్టమని నేను చెప్పను, విండోస్ ల్యాప్‌టాపే కొనండి. 50 వాట్-అవర్లు దాటిన బ్యాటరీ, మన పిన్‌కోడ్‌కి ఇంటికొచ్చి చేసే వారంటీ ఉన్న మోడల్ చూడండి. మాక్ చెడితే విశాఖకో భువనేశ్వర్‌కో మోసుకెళ్లాల్సి రావచ్చు.

కొన్నరోజే మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. రేపు మదర్‌బోర్డు మారిస్తే అదే అడుగుతుంది, లేకపోతే టాలీ డేటా బయటికి రాదు.